పలక మీద రేటు

మా అన్నయ్య పోలరాజు చేపల రేటు నోటితో చెప్పడు. పలక మీద రాసి చూపిస్తాడు. ఎదుటివాడు చదివాడని తెలియగానే మోచేత్తో తుడిచేస్తాడు. ఈ అలవాటు ఆయనకి మా పెదనాన్న దగ్గర అబ్బింది. కొల్లేటి లంకల్లో పడవల మీద బేరాలాడే రోజుల్లో నీళ్ళ మీద మాట చాలా దూరం పోతుందనీ, గట్టున ఎవడో ఒకడు చెవులు రిక్కించుకుని కూర్చునే ఉంటాడనీ పెదనాన్న చెప్పేవాడు. లంక వదిలి విజయవాడ వచ్చి, బెంజ్ సర్కిల్ దగ్గర మేడ మీద గది అద్దెకి తీసుకుని, బల్ల మీద కంప్యూటర్ పెట్టుకున్నాక కూడా అన్నయ్యకి ఆ గట్టు మీది చెవుల భయం పోలేదు.

నిజం చెప్పాలంటే ఇక్కడ చెవులు ఉన్నాయి కూడా. మా గదికీ పక్క గదికీ మధ్య ఉన్నది ఇటుక గోడ కాదు, ప్లైవుడ్ చెక్క. ఆ చెక్కకి అవతల సూర్యప్రకాష్ ఆఫీసు. ఆయనదీ చేపల ఎగుమతే, ఆయన లారీలు వెళ్ళేదీ హౌరా మార్కెట్టుకే. ఆయన తుమ్మితే నేను ఇవతల నుంచి చిరంజీవ అనొచ్చు. అలాంటి చోట ఫోనులో రేటు చెప్పడమంటే మైకులో చెప్పడమే. ఈ ఒక్క విషయంలో నేను అన్నయ్యని తప్పుపట్టను.

అందుకని మా పద్ధతి ఇలా ఉండేది. పొద్దున్నే కంకిపాడు షెడ్డులో శీలావతులూ బొచ్చెలూ ఐసు పెట్టెల్లో సర్దాక, అన్నయ్య పలక మీద ఆ రోజు రేటు రాసి చేపల మీద నిలబెట్టేవాడు. మావారు కోటి డిజిటల్ కెమెరాతో ఫోటో తీసేవారు. మొప్పలు ఎర్రగా కనబడాలి, పక్కన పలక కనబడాలి. ఆ కెమెరా చొక్కా లోపల దాచుకుని మావారు బండి మీద ఆఫీసుకి తెచ్చేవారు. నేను ఆ ఫోటోని హౌరాలో ఉండే మా ఏజెంటు వెంకటసుబ్బారావుగారికి మెయిల్ చేసేదాన్ని. ఆయన కొనేవాళ్ళకి చూపించి బేరం కుదిర్చేవాడు. ఫోటో చూడందే అక్కడివాళ్ళు నమ్మరు. పలక మీద పడ్డ రేటు మళ్ళీ మారదు. అది మా అన్నయ్య మాట, ఆ మాటకి హౌరాలో విలువుంది.

రేటు తెలిసింది ముగ్గురికే. అన్నయ్యకి, మావారికి, నాకు. అన్నయ్యా మావారూ ఒకరినొకరు 'బావా' అని పిలుచుకునేవాళ్ళు. ఒకే కంచంలో తినేంత స్నేహం. వాళ్ళిద్దరూ కబుర్లలో పడితే పక్కన నేనొకదాన్ని ఉన్నానని గుర్తుండేది కాదు. నాకు ఒళ్ళు మండేది, లోపల సంతోషంగానూ ఉండేది.

రెండువేల ఆరు వేసవిలో బ్రాడ్‌బ్యాండ్ పెట్టించాం. అంతకుముందు ఫోను లైను మీదే డయల్ చేసి మెయిల్ పంపేవాళ్ళం. ఒక ఫోటో వెళ్ళేలోపు నేను కిందకెళ్ళి కూరగాయలు కొనుక్కుని రావచ్చు, కానీ వెళ్ళేది. కొత్త లైను వేసిన కుర్రవాడు మోడెమ్ మీద పచ్చ దీపాలు వెలిగించి, "ఇంక డయల్ చెయ్యక్కర్లేదండీ, లైను ఎప్పుడూ తెరిచే ఉంటుంది," అన్నాడు. అది విని నేను సంబరపడ్డాను. అన్నయ్య మొహం మాడిపోయింది.

"ఎప్పుడూ తెరిచే ఉంటే మనం లేనప్పుడు ఎవడైనా లోపలికొస్తే?" అన్నాడు.

ఆ సాయంత్రమే ఏలూరు రోడ్డు నుంచి మరియదాసుని పిలిపించాడు. మా కంప్యూటర్ అమ్మింది అతనే, బాగుచేసేదీ అతనే. బయటివాళ్ళు కంప్యూటర్లోకి దూరకుండా కాపలా కాసే ప్రోగ్రాం ఒకటి ఉంటుందని అన్నయ్య ఎక్కడో విన్నాడు. అది వెయ్యమన్నాడు.

"నేను పిలవని మాట ఒక్కటి కూడా లోపలికి రాకూడదు," అన్నాడు.

"అన్నీ ఆపేస్తే కొన్నిసార్లు ఇబ్బందండీ. పనికొచ్చేవి కూడా..."

"ఒక్కటి కూడా వద్దన్నాను కదా."

డబ్బిచ్చేవాడు ఆయన. మరియదాసు తల ఊపి, చెప్పినట్టే చేసి వెళ్ళాడు.

మర్నాటి నుంచే మొదలైంది గొడవ. మామూలు మెయిల్ కన్నుమూసి తెరిచేలోపు వెళ్ళిపోయేది. 'లారీ బయల్దేరింది', 'డ్రైవరు ఫోను నంబరు ఇది' లాంటివన్నీ క్షణంలో హౌరాలో ఉండేవి. అక్కడి నుంచి వచ్చేవీ చక్కగా వచ్చేవి. ఏ వెబ్‌సైటు తెరిచినా తెరుచుకునేది. చేపల ఫోటో పెడితే మాత్రం తెర మీద నీలం గీత కాస్త ముందుకు జరిగి ఆగిపోయేది. ఎంతసేపు చూసినా అంతే. చివరికి ఏదో ఇంగ్లీషులో సారీ చెప్పి ఊరుకునేది. వెళ్ళని మెయిల్ అవుట్‌బాక్సులోనే పడి ఉండి, మళ్ళీ మళ్ళీ ప్రయత్నించి, మళ్ళీ మళ్ళీ ఆగిపోయేది. పొద్దున రేటు సాయంత్రానికి పనికిరాదు కాబట్టి ఆఫీసు మూసే ముందు నేనే వాటిని తీసిపారేసేదాన్ని.

మా ఫోటో అందక వెంకటసుబ్బారావుగారు ఫోను చేసేవారు. అన్నయ్య రిసీవర్ పట్టుకుని, చెక్క వైపు ఓరగా చూస్తూ, "మళ్ళీ పంపుతున్నాం, ఆగండి," అనేవాడు. కొనేవాళ్ళు ఎంతసేపని ఆగుతారు? సూర్యప్రకాష్ సరుకు తీసుకునేవాళ్ళు. కాసేపటికి చెక్క అవతల నవ్వులు వినబడేవి.

"చూశావా సుధా, పనికిమాలిన మెయిళ్ళన్నీ పోతున్నాయి. రేటున్నదే ఆగుతోంది. కళ్ళూ బుర్రా లేని తీగకి ఏది రేటో ఎలా తెలుస్తుంది? ఎవడో మనిషి చూస్తున్నాడు. చూసి ఆపుతున్నాడు," అన్నాడు అన్నయ్య.

నేనూ ఆ ఇంటి పిల్లనే. పాలవాడు నవ్వుతూ పాలు పోస్తే నీళ్ళెక్కువ కలిపాడేమో అనుకునే రకం. ఏది అవసరమో సరిగ్గా అదే ఆగుతుంటే తీగని నమ్మమంటే ఎలా నమ్మను?

మొదట అనుమానం లైను కంపెనీ మీదికి పోయింది. వాళ్ళ మనిషి వచ్చి, దీపాలు చూసి, లైను బంగారంలా ఉందన్నాడు. తర్వాత మరియదాసు మీదికి పోయింది. అతన్ని పిలిచాం, కానీ అతను కుర్చీలో కూర్చున్నంతసేపూ అన్నయ్య వెనకాలే నిలబడ్డాడు. చేపల ఫోటో పంపి చూద్దామంటే ఒప్పుకోలేదు. పరాయివాడికి పలక ఎలా చూపిస్తాడు? "ఊరికే టెస్ట్ అని కొట్టి పంపు," అన్నాడు. మరియదాసు 'టెస్ట్' అని కొట్టాడు. అది రివ్వున పోయింది.

"అంతా బాగానే ఉందండీ," అన్నాడు మరియదాసు.

"నువ్వున్నప్పుడు బాగానే ఉంటుంది," అన్నాడు అన్నయ్య పళ్ళు బిగించి. పాపం మరియదాసు డబ్బులు కూడా అడక్కుండా మెట్లు దిగాడు.

ఇక మిగిలింది సూర్యప్రకాష్. ఆయనకి కోరికుంది, అవకాశం ఉంది. కానీ చెక్కలోంచి వినొచ్చు గానీ మెయిల్ ఎలా ఆపుతాడు? లోపలి మనిషి సాయం ఉండాలి. ఆ మాట అన్నయ్య ఒకసారి పైకే అన్నాడు. లోపల ఉన్నది నేనూ మావారూ. నేను తోడబుట్టినదాన్ని. ఆ లెక్క ఎటు పోతుందో నాకు అప్పుడే తెలిసింది.

మావారి దురదృష్టం, ఆయన ఏ పని చేసినా అది తిరిగి ఆయన మెడకే చుట్టుకుంది. ఇక్కడ కాకపోతే నెట్ సెంటర్ నుంచి పంపుదామన్నారు. "అక్కడ పదిమంది చూస్తారు. అదే కావాలా?" అన్నాడు అన్నయ్య. కొన్నాళ్ళు మెయిల్ మానేసి లారీ డ్రైవరు చేత ఫోటోలు పంపుదామా అన్నారు. ఆ మాట పూర్తికాకుండానే అన్నయ్య లేచి వెళ్ళిపోయాడు. తర్వాత ఒకరోజు మావారూ సూర్యప్రకాషూ సర్కిల్ దగ్గర టీ తాగుతూ అన్నయ్య కంటపడ్డారు.

"వాడితో నీకు టీ ఏమిటి?" అని అడిగాడు ఆఫీసుకి రాగానే.

"తాగాలనిపించింది," అన్నారు మావారు. ఆయనకీ పౌరుషం తక్కువేం కాదు.

ఇంటికొచ్చాక నాతో అసలు సంగతి చెప్పారు. "వాడిదీ అదే కంపెనీ లైను సుధా. వాడి ఫోటోలు పోతున్నాయి, మనవి పోవట్లేదు. ఎందుకో కనుక్కుందామని వెళ్ళాను."

"ఆ మాట అన్నయ్యకి చెప్పొచ్చు కదండీ!"

"అడిగితే చెప్పేవాణ్ణి. మీ అన్నయ్య అడగలేదు. పట్టుకున్నాడు."

ఆ మర్నాటి నుంచి అన్నయ్య ఆయన్ని 'బావా' అనడం మానేశాడు. "కోటిగారూ, కెమెరా తెచ్చారా?" "కోటిగారూ, భోంచేశారా?" ఊరంతా గారు అని పిలుచుకుంటాం, అది మన మర్యాద. కానీ నిన్నటిదాకా బావా అన్న నోటితో ఈ రోజు గారూ అంటే చెప్పు తీసి కొట్టినట్టే ఉంటుంది. మావారు ఆ మాట వచ్చిన ప్రతిసారీ తల దించుకునేవారు. ఎంగిలిపడ్డ కంచం ముందు కూర్చుని అన్నం కెలుకుతూ ఉండిపోయేవారు.

ఒక సోమవారం షెడ్డు నుంచి వచ్చిన ఫోటోలో రేటు మార్కెట్టు కన్నా బాగా తక్కువగా ఉంది. మెయిల్లో పెడుతూ నేనే ఆశ్చర్యపోయాను. "నేనూ అన్నాను తక్కువైందని. నా మొహంలోకి చూస్తూ నిలబడ్డాడంతే," అన్నారు మావారు. ఆ ఫోటో కూడా వెళ్ళలేదు. సాయంత్రం నేను తీసెయ్యబోతుంటే అన్నయ్య వద్దన్నాడు. "అది ఉండనీ. పనుంది," అన్నాడు. ఏం పనో చెప్పలేదు.

ఆ రోజు సూర్యప్రకాష్ అంతకంటే తక్కువకి అమ్మాడు. హౌరాలో వానలకి కొనేవాళ్ళు రాక రేటు పడిపోయిందని నాకు తర్వాత తెలిసింది. అన్నయ్య మాత్రం మంగళవారం పొద్దున్నే వచ్చి, కుర్చీలో కూర్చోకుండానే మావారితో అన్నాడు: "ఆదివారం కొల్లేటికోట వెళ్దాం కోటిగారూ. అమ్మవారి ఎదుట ప్రమాణం చెయ్యాలి మీరు."



మా ఇంట్లో ప్రమాణం అంటే మాటలు కాదు. రేవులో మునిగి తడిబట్టలతో పెద్దింట్లమ్మ ఎదుట నిలబడాలి. ముందు అనుమానించినవాడు తన అనుమానం ఏమిటో అమ్మకి వినబడేలా గట్టిగా చెప్పాలి. తర్వాత రెండోవాడు ప్రమాణం చెయ్యాలి. దాంతో తగువు తీరిపోతుంది, చుట్టరికమూ తీరిపోతుంది. వల దొంగిలించావని మా పెదనాన్న మా నాన్న చేత అలాగే ప్రమాణం చేయించాడు. ఆ తర్వాత అన్నదమ్ములిద్దరూ బతికున్నంతకాలం ఒకరింట్లో ఒకరు మంచినీళ్ళు ముట్టలేదు. తర్వాత ఆ వల దొరికింది, తూము దగ్గర ముళ్ళకంపకి చిక్కుకుని. దొరికి ఏం లాభం?

"వస్తాను," అన్నారు మావారు.

ఆదివారంలోపు ఆ మెయిల్ దొంగ ఎవడో తేలకపోతే నాకు పుట్టిల్లు ఉండదు. లేదా పుట్టింటికి వెళ్ళిన ప్రతిసారీ మొగుణ్ణి గడప బయట నిలబెట్టి వెళ్ళాలి. కోపమూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఏడిస్తే పని జరగదు కాబట్టి కోపమే ఉంచుకున్నాను.

శుక్రవారం ఇద్దరూ షెడ్డుకి వెళ్ళాక ఆఫీసులో ఒక్కదాన్నే కూర్చుని ఆలోచించాను. ఎవడో చూసి ఆపుతున్నాడు, నిజమే అనుకుందాం. వాడికి కావలసింది రేటు. మరి రేటు లేని ఫోటో పంపితే? ఇంట్లోంచి తెచ్చిన మా పాత కెమెరాతో ఆ ప్లైవుడ్ చెక్కనే ఫోటో తీశాను. చేప లేదు, పలక లేదు. మేకు కన్నం ఒకటీ, నిరుటి కేలండర్ మరకా ఉన్నాయి. మెయిల్లో పెట్టి పంపాను.

నీలం గీత కాస్త జరిగి ఆగిపోయింది.

ఆ గీత ఆగినందుకు జీవితంలో మొదటిసారి సంతోషపడ్డాను. ఉత్త చెక్క ఫోటోని ఏ దొంగ ఆపుతాడు? ఇంకొకటి కూడా చేశాను. ఫోటో లేకుండా ఇంగ్లీషులో 'ఫిష్' అని నాలుగైదుసార్లు కొట్టి నాకు నేనే మెయిల్ చేసుకున్నాను. వెళ్ళింది. అదే మాటని కాపీ చేసి పేజీ నిండా నింపి పంపాను. ఆగిపోయింది. అందులో ఉన్నది అదే చేప, అదే అక్షరాలు. పెద్దదైంది, అంతే. ఈ దొంగకి చదువు రాదు, తూకమే తెలుసు.

వెంటనే మరియదాసుకి ఫోను చేశాను. వచ్చాడు గానీ గుమ్మంలోనే ఆగాడు. "అన్నయ్యగారు లేరు కదండీ?" అన్నాడు.

"లేరు. లోపలికి రా. ఈసారి నీకు అసలు ఫోటో చూపిస్తాను."

చెక్క ఫోటో చూసి తెల్లమొహం వేశాడు. నేను చేసినవన్నీ చెప్పాక మాత్రం చటుక్కున కుర్చీ లాక్కున్నాడు. తెర మీద నల్ల కిటికీ ఒకటి తెరిచి ఏదో టైపు చేశాడు. ఇక్కడి నుంచి ఒక ప్యాకెట్ పంపితే అవతలి కంప్యూటర్ అందిందని జవాబిస్తుందట, ప్యాకెట్ ఎంత పెద్దది కావాలో మనమే చెప్పొచ్చట. నేను నమ్మకుండా అతని వేళ్ళకేసి చూస్తూ కూర్చున్నాను. అలవాటు ఎక్కడికి పోతుంది?

చిన్న ప్యాకెట్ పంపాడు. టకటకా జవాబులొచ్చాయి. బాగా పెద్దది పంపాడు. ఏమీ రాలేదు. సైజు తగ్గించాడు, వచ్చింది. కొంచెం పెంచాడు, రాలేదు. అలా పైకీ కిందకీ జరుపుతూ ఒక అంకె దగ్గర ఆగాడు. అంతవరకు వెళ్తోంది, దానికి ఒక్కటి కలిపినా వెళ్ళడం లేదు.

"అర్థమైంది మేడమ్. ఫోటో ఒక్కసారిగా పోదండీ. మీ ఐసు పెట్టెల్లాగా ముక్కలు చేసి పెట్టెల్లో పంపుతుంది కంప్యూటర్. పదిహేను వందల అక్షరాలు పట్టే పెట్టె దీనికి అలవాటు. కొత్త లైనులో ప్రతి పెట్టెకీ కంపెనీవాళ్ళ చీటీ ఒకటి అతికించాలి. ఆ చీటీకి ఎనిమిది పోతాయి. నిండు పెట్టె ఆ ఎనిమిదికే గేటు పట్టక ఆగిపోతోంది. చిన్న మెయిల్‌కి పెట్టె నిండదు కాబట్టి పోతోంది."

"మరి పక్కాయన ఫోటోలు ఎలా పోతున్నాయి? అదే లైను కదా?"

మరియదాసు తల గోక్కున్నాడు. "అదేనండీ. గేటు పట్టకపోతే మోడెమ్ వెనక్కి కబురు పెడుతుంది, పెట్టె కొంచెం తగ్గించమని. కంప్యూటర్ విని తగ్గించుకుంటుంది. మీదెందుకు వినట్లేదో..."

అంటూనే ఆగిపోయాడు. నాకూ అప్పుడే వెలిగింది. పిలవని మాట ఒక్కటి కూడా లోపలికి రాకూడదు.

"ఆ కాపలాని ఒకసారి పక్కకి తప్పించు," అన్నాను.

"అన్నయ్యగారు..."

"నేను చెబుతున్నాను కదా, తప్పించు."

తప్పించాడు. మళ్ళీ అదే పెద్ద ప్యాకెట్ పంపాడు. ఇన్నాళ్ళూ ఏ జవాబూ రానిచోట ఈసారి ఒక వాక్యం వచ్చి నిలబడింది. ప్యాకెట్ పెద్దదైంది, ముక్కలు చెయ్యాలి అని ఇంగ్లీషులో. పంపింది ఎక్కడో దూరాన ఉన్నవాడు కాదు, మా బల్ల మీద పచ్చ దీపాలతో కూర్చున్న మోడెమే. అది ఇన్నాళ్ళ నుంచీ ప్రతి ఫోటోకీ అదే మాట చెబుతోంది. మా అన్నయ్య పెట్టించిన కాపలా ఆ మాటని గుమ్మంలోనే మెడపట్టి గెంటేస్తోంది.

నాకు నవ్వొచ్చింది. నవ్వుతూనే ఏడ్చాను. మరియదాసు కంగారుపడి మంచినీళ్ళు తెచ్చాడు. తర్వాత ఆ కాపలాకి ఒక్క ఆ కబురు మాత్రం రానిచ్చేలా చెప్పి, మళ్ళీ నిలబెట్టాడు. సెండ్ నొక్కాను. నీలం గీత ఆ చివరిదాకా పరుగెత్తింది. అవుట్‌బాక్స్ మొత్తం ఖాళీ అయిపోయింది. ఖాళీ అయిందన్న సంతోషమే తప్ప, అందులో ఏముందో, ఏం వెళ్ళిపోయిందో నాకు గుర్తే రాలేదు.

మధ్యాహ్నం అన్నయ్యా మావారూ వచ్చారు. మరియదాసుని అక్కడే ఉంచి మొత్తం అన్నయ్యకి చూపించాను. కాపలా తీయించి, పెట్టించి, రెండు విధాలా చూపించాను. ఎవరూ చూడలేదనీ, ఎవరూ ఆపలేదనీ, ఆపింది ఆయన అన్న మాటేననీ మొహం మీదే చెప్పాను. అన్నయ్య తెర దగ్గరికి వంగి చెక్క ఫోటోలోని మేకు కన్నం చూశాడు. తర్వాత మావారి వైపు తిరిగాడు.

"బావా," అన్నాడు.

ఆ ఒక్క మాటకి మావారి మొహం ఎలా విచ్చుకుందో నేను చూశాను. ఇంకేమీ అక్కర్లేకపోయింది ఆయనకి. సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. పక్కనే ఉన్న మావారు ఎత్తారు.

విని, రిసీవర్ మీద చెయ్యి అడ్డం పెట్టి నవ్వుతూ, "వెంకటసుబ్బారావుగారు. పలక అందిందట బావా, ఆ రేటుకి రెండు లారీలు ఖాయం చేసేశాడట," అన్నారు. "ఏ పలక? ఈ రోజుది ఇంకా పంపనేలేదుగా?"

అన్నయ్య ఉలిక్కిపడ్డాడు. "అయ్యో, అది కాదు! అది నిజం రేటు కాదు!" అన్నాడు. గట్టిగా, చెక్క అవతలికి వినబడేంత గట్టిగా.

సోమవారం పలక. ఉండనీ, పనుంది అన్న పలక. నాకు అప్పుడు అర్థమైంది, మావారికి నాకంటే ముందే అర్థమైంది. ఆ నవ్వు పెదాల మీదే ఉండిపోయింది, కళ్ళలోంచి మాత్రం పోయింది.

"నిజం కాకపోతే ఎవరికోసం రాశావు?" అని అడిగారు.

రిసీవర్లోంచి హలో హలో అని వినబడుతోంది. పలక మీద పడ్డ రేటు కాదంటే హౌరాలో మా అన్నయ్య మాట పోతుంది, ఔనంటే సరుకు మట్టిలో పోసినట్టే. మావారు చెయ్యి తీసి ఫోనులో మాట్లాడారు. "సుబ్బారావుగారూ, అది పాత పలకండీ. తీసెయ్యాల్సింది, చూసుకోకుండా నేను పంపేశాను. మా బావకి తెలియదు. పొరపాటు నాది."

అవతల ఆయన తిట్టడం మాకు స్పష్టంగా వినబడింది. ఒళ్ళు దగ్గర పెట్టుకుని పని చెయ్యమన్నాడు, నీలాంటివాణ్ణి పెట్టుకున్నందుకు పోలరాజుని అనాలన్నాడు. మావారు ఔనండీ, తప్పేనండీ అంటూ మొత్తం విని, ఫోను పెట్టేశారు.

"సోమవారం షెడ్డులో నువ్వు రేటు గురించి ఆలోచిస్తున్నావనుకున్నాను. నాకు ఎర వేసి, నా మొహంలో దొంగని వెతుకుతున్నావన్నమాట," అన్నారు.

"మర్చిపో బావా. ప్రమాణం లేదు, ఏమీ లేదు."

"నువ్వు అడిగావు. నేను వస్తానన్నాను. ఆదివారం వెళ్దాం."

నేను బతిమాలాను. అన్నయ్య చేతులు పట్టుకున్నాడు. మావారు ఎవరి మాటా వినలేదు.

ఆదివారం కైకలూరు బస్సులో ముగ్గురం మూడు సీట్లలో కూర్చున్నాం. అక్కడి నుంచి ఆటోలో కొల్లేటికోట వెళ్ళాం. మావారు రేవులో మూడు మునకలు వేసి, నీళ్ళు కారుతున్న బట్టలతో అమ్మవారి ఎదుట నిలబడ్డారు. అన్నయ్య పక్కన నిలబడ్డాడు. ఇంక ఆయన చెప్పాలి.

పెదాలు కదిలాయి గానీ మాట బయటికి రాలేదు. రేటు కూడా నోటితో చెప్పని మనిషి.

"కొంచెం గట్టిగా చెప్పండి బాబూ," అన్నాడు పూజారి. చుట్టూ ఉన్న జనం ఇటు తిరిగారు.

"చెప్పు బావా," అన్నారు మావారు. ఆయన నోట 'బావా' అన్న మాట రావడం అదే ఆఖరుసారి.

అన్నయ్య కళ్ళు మూసుకుని గట్టిగా చెప్పాడు. "ఈయన నా రేటు పక్కవాడికి చెప్పాడని... నా అనుమానం తల్లీ." మావారు కర్పూరం మీద చెయ్యి పెట్టి, ఏ రోజూ ఎవరికీ చెప్పలేదని ప్రమాణం చేశారు.

బయటికొచ్చాక అన్నయ్య సంచిలోంచి పొడి తువ్వాలు తీసి, రెండు చేతులతో ముందుకు పట్టుకున్నాడు. "తుడుచుకో బావా, జలుబు చేస్తుంది," అన్నాడు.

మావారు తువ్వాలు అందుకోలేదు. చొక్కా విప్పుతూ మర్యాదగా, కోపం లేకుండా అన్నారు.

"పోలరాజుగారూ, మీకు బస్సు టైమవుతోంది. మీరు బయల్దేరండి. మేం వెనకాల వస్తాం."

అన్నయ్య నా వైపు చూశాడు. నేను మావారి చేతిలోంచి తడి చొక్కా అందుకుని, వంగి, నీళ్ళు పిండడం మొదలుపెట్టాను.